గోడ వెనక కూర్చున్నవాళ్ళు

పదకొండున్నర దాటింది. ఆయన ఎప్పుడో నిద్రపోయారు. అత్తయ్య గదిలో ఫ్యాను కిర్రుమంటూనే ఉంది, ఇవాళ కూడా మెకానిక్ రాలేదు. నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం ఆ ఫ్యాను కాదు, సాయంత్రం చూసిన సినిమా.

చిన్నాడు రెండు నెలల తర్వాత ఇంటికొచ్చాడు కదా, "నువ్వూ కూర్చో అమ్మా, వంట తర్వాత చేద్దువు గానీ" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. నా ఒళ్ళో కాళ్ళు చాపుకుని చూశాడు. అంతవరకు ఎంతో హాయిగా ఉంది.

సినిమా పాతదే, 2003లో వచ్చిన 'ది రిక్రూట్'. కొత్త గూఢచారుల్ని తయారుచేసే గురువుగా ఆల్ పచీనో, ఆయన చేతికి చిక్కిన కుర్రాడిగా కాలిన్ ఫారెల్. ఎంఐటీ అనే పెద్ద అమెరికన్ యూనివర్సిటీలో చదివిన పిల్లాడు, చనిపోయిన తండ్రి సంగతి తెలుస్తుందన్న ఆశతో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏలో చేరతాడు. 'ఫార్మ్' అని పిలిచే చోట ట్రైనింగ్. అబద్ధం చెప్పడం, మనిషిని వెంబడించడం, అబద్ధాలు పట్టే పాలిగ్రాఫ్ మెషీన్ ముందు కూర్చోవడం, అన్నీ నేర్పిస్తారు. అలాంటి చోటు నిజంగానే వర్జీనియాలో విలియమ్స్‌బర్గ్ దగ్గర ఉందని, దాని పేరు క్యాంప్ పియరీ అని చిన్నాడే చెప్పాడు.

మధ్యలో ఆ కుర్రాణ్ణి ఎవరో ఎత్తుకుపోతారు. చీకటి గదిలో పడేసి, నీకు పాఠాలు చెప్పేవాళ్ళ పేర్లేమిటని చిత్రహింస పెడతారు. ఎన్ని చేసినా నోరు విప్పడు. తనతోపాటు ట్రైనింగ్‌లో ఉన్న లేలా అనే అమ్మాయిని కూడా పట్టుకున్నామని, ఆమెను ఏదో చేస్తామని బెదిరించేసరికి ఇక తట్టుకోలేక గురువు పేరు చెప్పేస్తాడు. అంతే, గది వెనక గోడ తెరుచుకుంటుంది. అవతల గురువు, తోటి ట్రైనీలంతా కూర్చుని చూస్తున్నారు. అదంతా పరీక్షట.

నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. "పాజ్ చెయ్యనా?" అని చిన్నాడు అరిచాడు. వద్దన్నాను. తర్వాత వచ్చి మిగతాది చూశాను గానీ మనసు పెట్టలేదు. చివరికి ఆ గురువే ద్రోహి అని తేలుతుంది. చిన్నాడు "చూశావా!" అని ఎగిరి గంతేశాడు. నాకు ఆ మలుపు పట్టనే లేదు. పరీక్ష పెట్టినవాడు దుర్మార్గుడు, సరే. మరి ఆ కుర్చీల్లో కూర్చుని చూసినవాళ్ళ సంగతేమిటి? వాళ్ళని ఆ సినిమా ఒక్క మాట కూడా అడగలేదు. ఆ కుర్రాడితో కలిసి తిన్నారు, కలిసి పరిగెత్తారు, వాడు చావు దెబ్బలు తింటుంటే ఊరికే చూశారు. ఇప్పటికీ నాకు మండుతూనే ఉంది.

గుంటూరు కొత్తపేటలో మందుల షాపులో చేసిన రోజుల గురించి ఇదివరకు రాశాను. 1998. నెలకు 900 జీతం. చేరిన రెండో వారం రాత్రి షాపు కట్టేసే ముందు ఓనరు గారు నోట్ల కట్ట నా చేతికిచ్చి "పద్నాలుగు వేల మూడొందలమ్మా, లెక్క చూసి చిట్టీ రాయి" అన్నారు. 500 ఎక్కువొచ్చింది. తడి స్పాంజి మీద వేలు అద్దుకుంటూ మూడుసార్లు లెక్కపెట్టాను. ఎవరి దగ్గరైనా ఎక్కువ తీసుకున్నానేమో, పాపం ఏ పేషెంటు డబ్బో అని చేతులు వణికాయి. తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన నవ్వారు. "కావాలనే పెట్టా. పాసయ్యావు పో" అన్నారు. వెనక్కి తిరిగితే షాపులో అందరూ నవ్వుతున్నారు. నా పక్క కౌంటరు అమ్మాయి మాత్రం తల వంచుకుని కత్తెరతో మాత్రల స్ట్రిప్పు కోస్తోంది. మధ్యాహ్నం నా డబ్బాలో గోంగూర పచ్చడి తిన్న పిల్ల. దానికీ తెలుసు.

పాసయ్యాను కాబట్టి ఏడవడానికి కారణం కూడా లేదు. మర్నాటి నుంచి దానితో కలిసి తినడం మానేశాను.

ఇక్కడిదాకా కోపంగా రాసి కాసేపు ఆగాను. గూఢచారి పనికి అలాంటి పరీక్ష తప్పదేమో. వాడు పేరు చెబితే ఇంకొకరి ప్రాణం పోతుంది. లాంగ్లీలో సీఐఏ హెడ్డాఫీసు గోడ మీద చనిపోయినవాళ్ళకి గుర్తుగా నక్షత్రాలు చెక్కుతారు, 1974లో 31 ఉండేవి, ఇప్పుడు 140 దాకా ఉన్నాయి. కొన్నిటికి పేరు కూడా బయటపెట్టలేదు. అక్కడ ముందే చూసుకోవాలంటే నేను కాదనలేను. కానీ మందుల షాపులో ఎవరి ప్రాణం పోతుందని?

ఇంతకీ ఆ పక్క కౌంటరు అమ్మాయి నాకు ముందే చెబితే దాని ఉద్యోగం పోయేది. నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది. ఎందుకంటే ఆరు నెలలకి నరసరావుపేట వైపు నుంచి ఒక అబ్బాయి కొత్తగా చేరాడు. అక్కా, అక్కా అని నా వెంటే తిరిగేవాడు. ఆ రోజు పొద్దున్నే ఓనరు గారు నన్ను పిలిచి "ఇవాళ వాడి వంతు, నువ్వు చెప్పకు" అన్నారు. నేను చెప్పలేదు. ఇది ఇక్కడ ఎప్పుడూ రాయలేదు.

వాడు లెక్కపెట్టాడు. మళ్ళీ పెట్టాడు. ఎక్కువొచ్చిన నోటు జేబులో పెట్టుకోలేదు, స్లిప్పుల ప్యాడ్ కింద పెట్టాడు. నేను చూశాను. ఇంతలో ఎవరో సెలైన్ బాటిళ్ళ కోసం పరిగెత్తుకొచ్చారు, వాడు ఇవ్వడానికి లేచాడు. ఓనరు గారు వచ్చి ప్యాడ్ ఎత్తారు. "చెబుదామనే సార్" అన్నాడు వాడు. నిజమో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు. జేబులో పెట్టలేదు సార్ అని ఒక్క మాట నేను అనొచ్చు. వాడు ఆయన వైపు కాదు, నా వైపు చూశాడు. నేను బిల్లు పుస్తకం తిరగేశాను.

వాడి టిఫిను డబ్బా గ్లూకోజు పెట్టెల పక్కనే ఉండిపోయింది. అడగడానికి ఎవరూ రాలేదు. నాలుగో రోజు వాసన వస్తోందంటే, పులిసిపోయిన పెరుగన్నం పారేసి, నేనే కడిగి అరలో బోర్లించాను.