సోమరితనం కాదు, నార్కోలెప్సీ

నిన్న రాత్రే బెంగళూరు నుంచి బస్సు దిగాను. చేతిలో నార్కోలెప్సీ అని తేల్చిన రిపోర్టు ఉంది. అంటే పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు. ఆరేళ్లుగా నన్ను సోమరిపోతన్న ప్రతి ఒక్కరికీ దాన్ని చూపించాలనుంది.

అనంతపురంలో శెనక్కాయల మండీలో లెక్కలు రాస్తాను. రాత్రి ఎనిమిది గంటలు పడుకున్నా పొద్దున పదకొండుకల్లా పద్దు పుస్తకం మీదే కళ్లు మూతపడతాయి. గట్టిగా నవ్వితే మోకాళ్లు జారిపోతాయి. స్పృహ మాత్రం పోదు.

నా పరువు తీసింది ఈ నవ్వే. అమ్మను తోడు తీసుకొని మా ఊళ్లోనే ఒక డాక్టరు దగ్గరికి పోయాను. వరండాలో పక్కనున్న పిల్లోడు ఏదో అన్నాడు, నవ్వొచ్చింది, కూలబడిపోయాను. డాక్టరు బయటికొచ్చి, వంగి నా నోరు వాసన చూశాడు. "పొద్దున్నే తాగొచ్చినావేమప్పా?" అన్నాడు. ముప్పై మంది చూస్తున్నారు. జవాబు చెబుదామంటే దవడ కూడా సడలిపోయి మాట రాలేదు. "మావోడు చుక్క ముట్టడు సార్" అని అమ్మ ఏడుస్తాంది. లోపలికి పిలిచి, రాత్రంతా ఫోన్ చూస్తాడని తనే తేల్చేసి, దిగులుకు మాత్రలు రాశాడు. నిద్ర గురించి ఒక్క మాటైనా అడగలేదు.

ఆ మాత్రలు కలల నిద్రను అణిచేస్తాయట. వాటివల్ల బెంగళూరులో నిద్ర పరీక్ష వాయిదా పడి, ఒక ప్రయాణం వృథా అయింది. మీరు ఏ మాత్రలు వాడుతున్నా పరీక్షకు తేదీ తీసుకునేటప్పుడే చెప్పండి. సొంతంగా మాత్రం ఆపొద్దు.

పరీక్ష సులువే. రాత్రంతా తలకు వైర్లు, మర్నాడు రెండు గంటలకోసారి ఐదు కునుకులు. సగటున 3 నిమిషాల్లో నిద్రపోయాను. మామూలుగా గంటన్నరకు గానీ రాని కలల నిద్ర నాకు నాలుగు కునుకుల్లో వెంటనే వచ్చేసింది.

అక్కడి డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పారు. మెదడు అడుగున హైపోథాలమస్‌లో పదుల వేల కణాలు ఓరెక్సిన్ అనే రసాయనం తయారుచేస్తాయి. మెలకువను జారిపోకుండా పట్టి నిలిపేది అదే. 1998 దాకా దాని సంగతే ఎవరికీ తెలియదు. నాలాంటి వాళ్లలో ఆ కణాలు నశించిపోయి ఉంటాయి. కలలొచ్చేటప్పుడు ఒళ్లు కదలకుండా మెదడు కండరాలను సడలిస్తుంది. ఓరెక్సిన్ లేక ఆ సడలింపు మెలకువలోకి చొరబడుతోంది, అదీ నవ్వినప్పుడు. ఆ రోజు వరండాలో జరిగింది అదే.

"అయితే నా పెంపకంలో తప్పు లేదు కదమ్మా?" అని అమ్మ అడిగింది. డాక్టరమ్మ లేచొచ్చి అమ్మ చెయ్యి పట్టుకున్నారు.

పొద్దున్నే మెలకువగా ఉంచే మోడాఫినిల్ మాత్ర, పగలు రెండు చిన్న కునుకులు. ఈ రోజు మా సావుకారి రిపోర్టంతా చదివించుకొని విని, గోతాల గదిలో మంచం వేయించాడు. మధ్యాహ్నం రెండింటికి ఇరవై నిమిషాలు పడుకొని లేచి, సాయంత్రానికి మూడు రోజుల పద్దు ఒక్క కొట్టివేత లేకుండా రాసేశాను.