సీరమ్ రాస్తే మొహం ఎందుకు బిగుసుకుపోయిందంటే

హైదరాబాద్ ఆఫీసులో పొద్దున్నుంచి రాత్రి దాకా ఏసీ కింద కూర్చుని కూర్చుని నా బుగ్గలు, వేసవిలో కాలువలు కట్టేశాక మా చేలల్లో పడే నెర్రెల్లా తయారయ్యాయి. అందరూ తెగ చెప్తున్నారు కదా అని ఆరొందలు పెట్టి హైలురానిక్ యాసిడ్ సీరమ్ కొన్నా, మొహం పొడిబారకుండా రాసుకునే పల్చటి ద్రవం అన్నమాట. మొహం కడుక్కుని, టవల్‌తో గట్టిగా తుడిచేసుకుని, నాలుగు చుక్కలు రాసేసి ఏసీ గదిలో పడుకున్నా. పొద్దున లేచి నవ్వితే బుగ్గ లాగుతోంది, మొహానికి గంజి పెట్టి ఆరేసినట్టు. డబ్బులిచ్చి మరీ ఎండిపోవడం ఏంట్రా బాబూ అనుకుని సీసా బ్యాగులో పడేశా.

మొన్న అమలాపురం దగ్గర మా ఊరెళ్ళా. అమ్మమ్మ సబ్జా గింజలు నానబెడుతుంటే, చెయ్యి ఊరుకోదు కదా, చిటికెడు పొడి గింజలు నోట్లో వేసుకున్నా. నాలిక మీద తడంతా లాగేసి అంగిట్లో అతుక్కుపోయాయి, వేలుపెట్టి గీకినా రావు! గ్లాసులో పడ్డవేమో ఒక్కోదాని చుట్టూ తెల్లటి జిగురు కట్టి ఎంచక్కా ఉబ్బి కూర్చున్నాయి. "ఎండు గింజలు తింటారా ఎవరైనా, ముందు నీళ్ళలో వెయ్యాలి" అని తిట్టింది అమ్మమ్మ. ఆ తిట్టు నా సీరమ్ విషయంలో కూడా నాకు తగలాల్సిందే.

ఎందుకంటే హైలురానిక్ యాసిడ్ నీళ్ళు ఇవ్వదండీ, ఉన్న నీళ్ళని పట్టుకుంటుంది అంతే. పేరులో యాసిడ్ ఉందని భయపడక్కర్లేదు, తోలు ఊడగొట్టే రకం కాదు, మన ఒంట్లో ఉండేదే, 70 కిలోల మనిషిలో సుమారు 15 గ్రాములుంటే అందులో దాదాపు సగం చర్మంలోనే ఉంటుంది. 1934లో కొలంబియా యూనివర్సిటీలో కార్ల్ మేయర్, జాన్ పామర్ అని ఇద్దరు దీన్ని పశువు కంట్లో ఉండే గాజులాంటి జిగురులోంచి తీశారు, గ్రీకులో హైలోస్ అంటే గాజే, పేరు అలా వచ్చింది. తర్వాత చాలా ఏళ్ళు కోడి తల మీద ఎర్ర తురాయిలోంచి తీసేవారట. ఈ ముక్క భీమవరం మావయ్యకి చెప్తే తన పందెం కోడిని నాకు దూరంగా కట్టేశాడు. ఇప్పుడు ఎక్కువగా బాక్టీరియాతో పులియబెట్టి చేస్తున్నారు లెండి, కోళ్ళకి గండం తప్పింది.

తన బరువుకి వెయ్యి రెట్లు నీళ్ళు పట్టుకుంటుందని ప్రతి యాడ్‌లోనూ ఊదరగొడతారు, అదంత నమ్మకండి. 1 శాతం కలిపితేనే నీళ్ళు జెల్‌లా చిక్కబడతాయి, అంతవరకు నిజమే, కానీ మొహం మీద పల్చటి పొరలో జరిగేది వేరు. పెద్ద అణువులైతే పైపైనే ఉండి పొడిబారిన సన్నగీతల్ని కాసేపు నింపుతాయి, చిన్నవి కొంచెం లోపలికి దిగుతాయి, అంతే గానీ ముడతలు మాయమవ్వవు. సీసా వెనకాల సోడియం హైలురోనేట్ అని ఉంటే మోసపోయామనుకోకండి, అది దీని లవణమే.

నేను చేసిన తప్పు రెండు చోట్ల. ఒకటి, పొడి మొహానికి రాయడం. రెండోది, పైన క్రీమ్ రాయకపోవడం. మడికి నీళ్ళు పెట్టి గట్టు వెయ్యకపోతే నిలుస్తాయా? పైగా ఏసీ గదిలో గాలే ఎండుగా ఉంటుంది, పట్టుకున్న తడి కూడా ఆవిరైపోతుంది. ఇప్పుడు మొహం తడిగా ఉండగానే రెండు చుక్కలు అద్ది, అది ఆరేలోపే మామూలు మాయిశ్చరైజర్ పూస్తున్నా, బుగ్గ లాగడం ఆగింది.

ఊళ్ళో ఉన్న వారం మాత్రం దాని జోలికే పోలేదు. మా కోనసీమలో వానాకాలం తువ్వాలు ఆరేస్తే సాయంత్రానికి కూడా చెమ్మ వదలదు, ఆ గాలిలో సీరమ్ రాస్తే జిగటే జిగట, దోమ వాలినా అతుక్కుపోయేలా ఉంటుంది. చలికాలంలో అమ్మ రాసే గ్లిజరిన్, రోజ్‌వాటర్ కూడా ఇదే కోవలోదే, తడిని పట్టుకునే సరుకే, ధర మాత్రం పదో వంతు కూడా ఉండదు.

అమ్మమ్మ ఓ చుక్క వేళ్ళ మధ్య రుద్ది చూసి, "దీనికా ఆరొందలు పోశావ్" అని చెయ్యి కొంగుకి తుడిచేసుకుంది. ఇంకా సగం సీసా ఉంది, ఏసీ ఎలాగూ తప్పదు కాబట్టి ఆఫీసు డెస్క్‌లో పెట్టా.