లూబ్లియానాలో క్రాన్‌స్కా క్లొబాసా

ఉద్యోగరీత్యా వియన్నాలో ఉంటున్న ఈ రెండేళ్లలో, రాత్రిపూట వీధి దుకాణాల దగ్గర నిలబడి తొడుగులో మాంసం కూరి చేసే ‘కేజెక్రైనర్’ అనే సాసేజ్‌ను ఎన్నిసార్లు తిన్నానో లెక్క లేదు. ‘కేజె’ అంటే చీజ్ అని తెలుసు గాని, ‘క్రైనర్’ అంటే క్రైన్ అనే ప్రాంతానికి చెందినది అని ఎంతోకాలం తెలియలేదు. 1918 దాకా ఆస్ట్రియా చక్రవర్తుల ఏలుబడిలో ఉన్న ఆ ప్రాంతం ఈనాడు స్లొవేనియాలో ఉంది. దాని ముఖ్యపట్టణం లూబ్లియానాయే నేటి దేశ రాజధాని కూడా. జర్మన్ వాళ్లు క్రైన్ అన్నదాన్నే అక్కడివాళ్లు క్రాన్‌స్కా అంటారు. చీజ్ చేరకముందు ఆ సాసేజ్ అసలు రుచి ఎలా ఉండేదో తెలుసుకోవాలనే కోరికతో, పోయిన చలికాలంలో ఒక శనివారం పొద్దున్నే రైలెక్కాను.

1901లో కట్టిన డ్రాగన్ వంతెన దాటి, అంగడి పక్కనుంచి సెయింట్ నికొలాస్ కెథెడ్రల్ వైపు నడిస్తే, సిరిల్, మెథోడ్‌ల పేరిట ఉన్న కూడలిలో ‘క్లొబాసార్నా’ అనే చిన్న తిండి కొట్టు కనిపిస్తుంది. క్లొబాసా అంటే సాసేజ్; కొట్టు పేరులోనే అమ్మే సరుకు ఉంది. సగం కావాలా, మొత్తమా అని అడిగారు. మొత్తం ఇమ్మన్నాను.

పళ్లెంలో జానెడుకు తక్కువ పొడవున్న సాసేజ్‌ల జంట, ఒక గుండ్రని రొట్టె, కాస్త ఆవముద్ద, దాని పక్కన తెల్లగా తురిమిన హ్రెన్ దుంప, అంతే. ఎర్రమట్టి రంగు తొడుగు మీద సన్నని ముడతలు, దగ్గరికి తెచ్చుకుంటే పొగ వాసన, చివర్లలో తొడుగును బిగించి గుచ్చిన చిన్న చెక్కపుల్ల. నా చూపు ఆ పుల్ల దగ్గరే ఆగిపోయింది. అడ్డాకులను విస్తరిగా కుట్టే ఈనెపుల్లకు ఇది అచ్చంగా తోబుట్టువు. దీన్ని ‘ష్పీలా’ అంటారని పళ్లెం తెచ్చినాయన చెప్పి, “తినేముందు తీసేయండి, మరిచిపోకండి” అని నవ్వాడు. ఈ పుల్ల లేనిది క్రాన్‌స్కా కాదు; ఈ పేరుకు ఐరోపా సమాఖ్య ఇచ్చిన భౌగోళిక గుర్తింపు నియమాల్లోనే దాని ప్రస్తావన ఉంది.

ఆ నియమాలు చదివితే నాకు ముచ్చటేసింది. పంది మాంసం, 20 శాతానికి మించని కొవ్వు, 5 శాతానికి మించని నీరు, ఉప్పు, వెల్లుల్లి, మిరియాలు. ఇంకే దినుసూ చేర్చకూడదు. పిండిపదార్థం గాని, రుచి పెంచే పొడులు గాని లేనందువల్ల మాంసం మంచిది కాకపోతే ఆ సంగతి మొదటి ముద్దలోనే బయటపడుతుంది. మాంసాన్ని మెత్తగా నూరకుండా ముక్కలు పంటికి తగిలేంత ముతకగా ఉంచుతారు. వండేటప్పుడు కూడా మరిగించరు. వేడినీళ్లలో కాసేపు ఉంచి తీస్తారు, లేకపోతే తొడుగు పగిలి రసమంతా నీళ్లపాలవుతుంది. కొరికినప్పుడు తొడుగు ‘టప్’మని తెగి, రసం నోట్లోకి చిమ్మింది. ముందు పొగ, ఆ వెనుక వెల్లుల్లి, చివరికి మిరియం, ఒకదాన్నొకటి తోసుకోకుండా వరసగా వచ్చాయి. వియన్నా చీజ్ సాసేజ్ మీద నాకు ప్రేమే గాని, ఈ నిండుదనం దానికి లేదు.

హ్రెన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇది ఆవాల కుటుంబానికే చెందిన మొక్క వేరు. నాలుక మీద మంట పెట్టకుండా సూటిగా ముక్కుకెక్కి కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది. పచ్చి ఆవ నూరిపెట్టిన పనసపొట్టు కూర తిన్నవాళ్లకు ఆ ఘాటు కొత్తేమీ కాదు. కొవ్వున్న మాంసానికి దీన్ని జత చేసినవాళ్లకు దండం పెట్టాలనిపించింది.

నాక్లొ అనే ఊరి సత్రంలో ఆగిన ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి, ఇవి మామూలు సాసేజ్‌లు కావు, క్రాన్‌స్కా సాసేజ్‌లు అని మెచ్చుకున్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ సంగతెలా ఉన్నా, పేరు కోసం జరిగిన పోరు మాత్రం నిజం. స్లొవేనియా ఈ పేరుకు ఐరోపా సమాఖ్యలో భౌగోళిక గుర్తింపు కోరినప్పుడు ఆస్ట్రియా, జర్మనీ, క్రొయేషియా అభ్యంతరం చెప్పాయి. చివరికి 2015లో గుర్తింపు దక్కింది; కేజెక్రైనర్ వంటి పేర్లను ఆస్ట్రియావాళ్లు వాడుకోవచ్చని ఒప్పందం కుదిరింది. మన హైదరాబాద్ హలీమ్‌కు 2010లో ఇటువంటి గుర్తింపే వచ్చినప్పుడు కలిగిన ఆనందం గుర్తుంది కనుక, వాళ్ల పట్టుదల నాకు అర్థమైంది.

ఈ సాసేజ్ అంతరిక్షానికి కూడా వెళ్లొచ్చింది. తండ్రి వైపు గుజరాతీ, తల్లి వైపు స్లొవీన్ మూలాలున్న సునీతా విలియమ్స్ సమోసాలతో పాటు దీన్నీ తనతో తీసుకెళ్లారు. అక్కడ హ్రెన్ దొరికిందో లేదో గాని, నా పళ్లెంలో ఇంకా కాస్త మిగిలి ఉంది. చివరి రొట్టెముక్కతో దాన్ని శుభ్రంగా తుడిచి తిని, కళ్లు ఒత్తుకుంటూ చలిలోకి వచ్చాను.