సార్ టెస్ట్ ల్యాంపు

2002లో మన వరంగల్ ఆర్‌ఈసీ (రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ) ఎన్‌ఐటీ అయింది గానీ, నా నోటికి ఇప్పటికీ ఆర్‌ఈసీ అనే వస్తుంది. ఆ రోజుల్లో నేను నేర్చుకున్న అసలైన ఎలక్ట్రికల్ పాఠం ల్యాబ్‌లో కాదు, సుబేదారి రోడ్డు పక్కన, సార్ అంబాసిడర్ బానెట్ కింద.

1986 వానాకాలం. ల్యాబ్ సామాన్ల కోసం సార్ వెంట ఇద్దరం హనుమకొండ చౌరస్తాకు పోయి తిరిగొస్తున్నాం. దారిలో చాయ్‌కి ఆగాం. మళ్లీ తాళం తిప్పితే టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. హెడ్‌లైట్లు లేవు, హారన్ లేదు, డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు కూడా ఆరిపోయింది. అసలే చీకటి పడుతోంది, నాకు టెన్షన్. "ఫ్యూజ్ పోయిందేమో సార్" అన్నాను.

"స్టార్టర్ తీగకు ఫ్యూజే ఉండదు కదరా. అన్నీ ఒక్కసారే పోయినయంటే, అన్నిటికీ కలిసి ఉన్న తొవ్వ ఎక్కడుందో చూడు."

ల్యాబ్ మల్టీమీటర్ తీసి బ్యాటరీ ప్లస్ మీద ఒక కొస, బాడీ మీద ఒక కొస పెట్టాను. పన్నెండున్నర వోల్టులు! అంతా బాగానే ఉందనుకున్నాను. సార్ ఏమీ అనకుండా డిక్కీలోంచి తన ల్యాంపు తెచ్చారు. ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బు, హోల్డరు, రెండు తీగలు, చివర మొసలి క్లిప్పులు. బ్యాటరీ రెండు పోస్టుల మధ్య పెడితే భగ్గున వెలిగింది. రెండో క్లిప్పు బాడీకి మార్చారు, చీకటి. మైనస్ పోస్టును బాడీకి కలిపే ఎర్త్ క్లాంపు మీదే పెట్టారు, అప్పుడూ చీకటే. పోస్టుకు, దాన్ని పట్టుకున్న క్లాంపుకు మధ్య దూరం ఎంతని? గోరంత కూడా లేదు. తప్పు అక్కడే ఉంది.

మీటర్ కరెంటు దాదాపు ఏమీ తీసుకోదు, అందుకే తుప్పులోంచి కూడా దానికి నిండు వోల్టేజ్ కనిపిస్తుంది. ఈ బల్బు మాత్రం పావు తక్కువ రెండు ఆంపియర్లు అడుగుతుంది; అంత కరెంటును తుప్పు పోనియ్యదు, వోల్టేజ్ అక్కడే పడిపోతుంది. స్టార్టర్ అయితే వంద పైనే లాగుతుంది. పుస్తకంలో వోల్టేజ్ డ్రాప్ లెక్కలు ఎన్ని చేసినా, ఆ ఆరిపోయిన బల్బును చూసేదాకా అది నా బుర్రకెక్కలేదు.

క్లాంపు విప్పితే లోపల బూడిద రంగు పొర. చాయ్ హోటలాయన ఇచ్చిన వేడినీళ్లతో కడిగి తుడిచాం. సార్ చాకుతో గీకుతుంటే సీసం కొత్త వెండిలా బయటపడింది. మళ్లీ బిగించి తాళం తిప్పగానే బండి అందుకుంది.

సార్ వెంటనే బయల్దేరలేదు. హెడ్‌లైట్లు వేయించి, పోస్టుకు క్లాంపుకు మధ్య మీటర్ పెట్టి చూడమన్నారు. దాదాపు సున్నా, అంటే అక్కడ వోల్టేజ్ ఇక పడిపోవట్లేదు. "ఇప్పుడు పోదాం" అన్నారు.

రిటైరైన రోజు ఆ ల్యాంపు నా చేతికిచ్చారు. బల్బు రెండుసార్లు మార్చాను. తీగలు, క్లిప్పులు మాత్రం సార్‌వే.