మొరిన్హోకు ఉద్వాసన, మాకు ఎటూ తేలని మనసు

మన జట్టును గెలిపించిన మేనేజర్ ప్రత్యర్థి పంచన చేరి, అక్కడా నిలదొక్కుకోలేక ఉద్వాసనకు గురైతే సంతోషించాలా, బాధపడాలా? లండన్ ఫుట్‌బాల్ క్లబ్బు చెల్సీ అభిమానులను ఈ ప్రశ్న 2018 డిసెంబరు 18 నుంచి వదలలేదు. ఒకప్పుడు మా జట్టును నడిపిన జోసే మొరిన్హోను ప్రత్యర్థి క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్ తొలగించింది ఆ రోజే. ముందురోజు కాట్రేనికోన దగ్గర తీరం దాటిన పెథాయ్ తుఫాను సంగతులతో మన పత్రికలు నిండిపోయి ఉండగా, కావలిలో రొయ్యల మేత కొట్టు నడుపుతున్న మా బావ ఫోను చేసి, "ఏంది బావా, మొరిన్హోని పీకేశారంట గదా! ఇప్పుడన్నా నీకు సంతోషమేనా?" అని అడిగాడు. బావది యునైటెడ్ పక్షం. పీడ విరగడైందన్న తేలిక అతడి గొంతులో స్పష్టంగా వినిపించింది. నాకు మాత్రం అవునని గానీ కాదని గానీ చెప్పడానికి నోరు రాలేదు.

ఎందుకు రాలేదో చెప్పాలంటే 2004కు వెళ్లాలి. నెల్లూరులో ఫుట్‌బాల్ చూసేవాళ్లం అప్పటికి గుప్పెడుమందిమి. ఏ.సి. సుబ్బారెడ్డి స్టేడియం చుట్టుపక్కల ఏ కుర్రాడిని కదిపినా క్రికెట్ మాటే మాట్లాడేవాడు. కేబుల్ టీవీలో శని, ఆదివారాల సాయంత్రాలు వచ్చే ఇంగ్లండ్ మ్యాచ్‌లే మాకు ఆధారం. ఆ వేసవిలో చెల్సీకి వచ్చిన మొరిన్హో 38 మ్యాచ్‌ల సీజన్ మొత్తంలో ప్రత్యర్థులకు కేవలం 15 గోల్స్ ఇచ్చిన జట్టును తయారుచేశాడు. 95 పాయింట్లు వచ్చాయి, ఓటమి ఒక్కటే. 1955 తరవాత చెల్సీ ఇంగ్లండ్ లీగ్ గెలవడం అదే మొదటిసారి. 2005 ఏప్రిల్ 30న బోల్టన్‌లో మా ఆటగాడు లాంపార్డ్ రెండు గోల్స్ కొట్టి ఆ యాభై ఏళ్ల నిరీక్షణకు తెరదించిన రాత్రి, ఉక్కపోతలో చొక్కాలు విప్పేసి టీవీ ముందు కూర్చున్న మాకు లండన్ ఎక్కడుందో, చెల్సీ సొంత మైదానం స్టాంఫర్డ్ బ్రిడ్జ్ ఎలా ఉంటుందో తెలియకపోయినా, ఆ గెలుపు మాదేనన్న భావన కలిగింది. ఆ తరవాత చెన్నై పాండీ బజారులో కొన్న నకలు జెర్సీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఛాతీ మీద 'సామ్‌సంగ్ మొబైల్' అన్న తెల్లటి అక్షరాలు ఉతికి ఉతికి పెచ్చులూడి, 'మొబైల్' సగమే మిగిలింది. ఇంట్లోవాళ్లు ఎన్నిసార్లు పారేయమన్నా నేను పారేయలేదు.

ఆ మనిషి గొప్పదనం పాయింట్లలో మాత్రమే లేదు. మా జట్టు మీద అంతకుముందు ఉన్న చులకనను అతడు తుడిచిపెట్టాడు. తరవాతి ఏడాది కూడా లీగ్ గెలిచి, 2007లో కొత్త వెంబ్లీ స్టేడియంలో యునైటెడ్‌ను ఓడించి ఎఫ్.ఏ. కప్ తెచ్చాడు. నాలుగు నెలలు తిరిగేసరికి, నార్వే జట్టు రోజెన్‌బోర్గ్‌తో 1-1 డ్రా అయిన రెండు రోజులకు, పరస్పర అంగీకారంతో విడిపోతున్నామని క్లబ్బు ప్రకటించింది. అప్పటి యజమాని రోమన్ అబ్రమోవిచ్‌కూ అతడికీ పొసగడం లేదని అప్పటికే లోకమంతటికీ తెలుసు. ఆ ప్రకటన వచ్చిన రోజు మాకు కోపం వచ్చింది గానీ అది మొరిన్హో మీద కాదు.

2010 మార్చిలో అతడు ఇంటర్ మిలాన్‌తో స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌కు వచ్చి, శామ్యూల్ ఎటో కొట్టిన గోల్‌తో మమ్మల్ని యూరప్ క్లబ్బుల పోటీ చాంపియన్స్ లీగ్ నుంచి బయటికి పంపాడు. ఓటమి బాధించింది కానీ మనసు విరగలేదు. అదే ఏడాది మే నెలలో మాడ్రిడ్‌లో ఆ పోటీ ఫైనల్ గెలిచాక అతడు ఇంటర్‌ను వదిలి రియల్ మాడ్రిడ్‌కు వెళ్లిపోతున్న రాత్రి, కారు ఆపించి దిగి, గోడకు ఆనుకుని నిలబడ్డ ఇంటర్ ఆటగాడు మాతెరాజ్జిని కౌగిలించుకోగా ఇద్దరూ ఏడ్చారు. ఆ దృశ్యం చూసినప్పుడల్లా నాకు ఒక లోటు గుర్తుకొస్తుంది. ఇంటర్ ఆటగాళ్లకు, అభిమానులకు దక్కిన ఆ వీడ్కోలు మాకు 2007లో దక్కలేదు, 2015లోనూ దక్కలేదు.

2015 గురించి కాస్త నిదానంగా రాయాలి, ఎందుకంటే మా మనసు రెండుగా చీలిపోయింది అక్కడే. రెండో విడతగా 2013లో తిరిగివచ్చిన మొరిన్హో 2015 మే 3న మళ్లీ లీగ్ గెలిపించాడు. ఆగస్టులో నాలుగేళ్లకు కొత్త ఒప్పందం మీద సంతకం చేశాడు. ఆ మరుసటి రోజే, ఆగస్టు 8న, స్వాన్సీతో 2-2గా ముగిసిన మ్యాచ్‌లో ఎవా కార్నీరో వ్యవహారం జరిగింది. గోల్‌కీపర్ కూర్త్వా అప్పటికే రెడ్ కార్డుతో బయటికి వెళ్లడంతో చెల్సీ పదిమందితో ఆడుతోంది. చివరి క్షణాల్లో మా ఆటగాడు హజార్డ్ కిందపడితే, రెఫరీ పిలిచాడు కాబట్టి, జట్టు వైద్యురాలు కార్నీరో, ఫిజియో కలిసి మైదానంలోకి పరుగెత్తారు. చికిత్స అందుకున్న ఆటగాడు నిబంధన ప్రకారం బయటికి వెళ్లాలి కనుక జట్టు కాసేపు తొమ్మిదిమందికి తగ్గింది. దానికి మొరిన్హో అందరి ముందూ మండిపడి, వాళ్లకు ఆట తెలియదన్నట్టు మాట్లాడాడు. వైద్యురాలు తన పని తాను చేసింది. ఆమె ఆ తరవాత క్లబ్బును వీడి న్యాయపోరాటానికి దిగగా, 2016 జూన్‌లో చెల్సీ ఆమెకు బేషరతుగా క్షమాపణ చెప్పి రాజీ కుదుర్చుకుంది. మొరిన్హో తెచ్చిన కప్పులన్నీ ఒక పక్కన పెట్టినా ఈ తప్పు నా దృష్టిలో చిన్నది కాదు. గెలుపు ఇచ్చిన చనువుతో మనుషుల్ని తీసిపారేయడం అతడికి అలవాటైపోయిందని నాకు మొదటిసారి అనిపించింది అప్పుడే.

అక్కణ్ణుంచి జట్టు కుప్పకూలింది. డిసెంబరు 14న లెస్టర్ మీద 2-1తో ఓడేసరికి 16 మ్యాచ్‌లలో తొమ్మిది ఓటములు, పట్టికలో 16వ స్థానం. లెస్టర్‌ను నడిపిస్తున్నది క్లాడియో రానియేరి. 2004లో లీగ్‌లో రెండో స్థానం తెచ్చిపెట్టినా చెల్సీ ఈయన్నే సాగనంపి ఆ కుర్చీలో మొరిన్హోను కూర్చోబెట్టింది. తన పనికి ఆటగాళ్లు ద్రోహం చేశారన్న అర్థంలో మొరిన్హో ఆ రాత్రి మాట్లాడాడు. మూడు రోజులకు అతడి పని అయిపోయింది. ఆటగాళ్లకూ మేనేజర్‌కూ మధ్య పొత్తు చెడిందని క్లబ్బు టీవీలోనే చెప్పారు. నిజాయితీగా చెప్పాలంటే క్లబ్బు చేసింది తప్పు కాదు. దిగువ డివిజన్‌కు పడిపోయే అంచుకు ఒకే ఒక్క పాయింటు పైన ఉన్న జట్టును అలాగే వదిలేయలేరు.

కానీ 19వ తేదీన సండర్‌లాండ్‌తో మ్యాచ్‌లో జరిగింది చూడండి. జట్టు 3-1తో గెలుస్తూ ఉంటే స్టాండ్స్‌లో జనం మొరిన్హో పేరు పాడుతూ, మా ఆటగాళ్లు కోస్తా, ఫాబ్రెగాస్‌లను ఎగతాళి చేశారు. సొంత జట్టు గోల్ కొడుతున్నప్పుడు కూడా పోయినవాడి పేరే వినిపించిన మ్యాచ్ నాకు తెలిసి అంతకుముందు లేదు. నెల్లూరు, చెన్నై అప్పుడే వరదల నుంచి తేరుకుంటున్నాయి. ఆ మరునాడే, అంటే 20న, గోవాలో చెన్నైయిన్ ఎఫ్.సి. ఇండియన్ సూపర్ లీగ్ కప్ గెలిచింది. వరదల వల్ల సెమీఫైనల్‌ను పుణెలో ఆడాల్సివచ్చిన ఆ జట్టుకు కోచ్ ఎవరో కాదు, మొరిన్హోను పట్టుకుని ఏడ్చిన మాతెరాజ్జియే. చెన్నై మాకు పొరుగూరు లాంటిది కనుక ఆ గెలుపుకు ఉప్పొంగిపోతూనే, శిష్యుడు కప్పు ఎత్తిన వారంలోనే గురువు రోడ్డున పడ్డాడే అని నొచ్చుకున్నాను.

ఆ తరవాతి మే నెలలో మొరిన్హో యునైటెడ్‌లో చేరాడు. చెల్సీ అభిమానుల్లో చాలామందికి ఇదే మింగుడుపడలేదు. ఇంటర్‌కు వెళితే ఒప్పుకున్నవాళ్లు, మాడ్రిడ్‌కు వెళితే ఒప్పుకున్నవాళ్లు, మాంచెస్టర్‌కు వెళ్లడాన్ని మాత్రం ద్రోహమన్నారు. 2017 మార్చిలో ఎఫ్.ఏ. కప్ క్వార్టర్‌ఫైనల్‌కు అతడు స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌కు వచ్చినప్పుడు, 2015లో తన పేరు పాడిన గొంతులే 'జూడాస్' (క్రీస్తును పట్టించిన ద్రోహి పేరు) అని అరిచాయి. అతడు మూడు వేళ్లు పైకెత్తి చూపించాడు. మూడు లీగ్ టైటిళ్లు ఎవరు తెచ్చారో గుర్తుచేసుకోమన్నది ఆ సైగకు అర్థం.

ఆ రాత్రి నేను వేళ్లు చూపించినవాడి పక్షాన ఉన్నాను. మేం ఆ మ్యాచ్ గెలిచాం, ఆ ఏడాది మేనేజర్ ఆంటోనియో కాంటే కింద 93 పాయింట్లతో లీగ్ కూడా గెలిచాం. సంతోషానికి ఏ లోటూ లేదు. అయినా నా వాదన ఇది. తనంతట తాను వదిలి వెళ్లినవాణ్ణి ద్రోహి అనవచ్చు. కానీ రెండుసార్లు పిలిచి, రెండుసార్లూ బయటికి పంపిన క్లబ్బు, ఆ మనిషి ఆ తరవాత ఎవరి దగ్గర కొలువు చేయాలో నిర్ణయించజాలదు. ఇంట్లోంచి గెంటేసిన అల్లుడు పక్కింట్లో భోజనానికి కూర్చున్నాడని నిష్ఠూరమాడితే వినేవాళ్లు నవ్విపోతారు. మా ఆక్రోశం అసలు ఎవరి మీద ఉండాలో వాళ్లను ఏమీ అనలేక, ఎదురుగా కనిపించినవాడి మీద చూపించామని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే యునైటెడ్ అతణ్ణి తీసేయడం అన్యాయమా అంటే, అదీ కాదు. అతడు అక్కడ మొదటి సీజన్‌లోనే లీగ్ కప్, యూరోపా లీగ్ గెలిచాడు. రెండో ఏడాది 81 పాయింట్లతో రెండో స్థానం తెచ్చాడు. మూడో ఏడాది మాత్రం చెల్సీలో చూసిన వ్యవహారమే అక్కడా పునరావృతమైంది. ఆటగాడు పోగ్బాతో బహిరంగంగా తగువు, ముఖం ముడుచుకున్న ఆటగాళ్లు, ప్రతి పత్రికా సమావేశంలోనూ ఎవరో ఒకరి మీద నింద. 2018 డిసెంబరు 16న లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో 3-1తో ఓడేసరికి యునైటెడ్ 17 మ్యాచ్‌లలో 29 గోల్స్ ఇచ్చింది. అంతకుముందు సీజన్ మొత్తం ఇచ్చినవి 28. పదిహేను గోల్స్‌తో సీజన్ ముగించిన మనిషి జట్టు ఇలా అయిందంటే, ఆ అంకె చూడగానే నాకు కలిగింది ఆనందం కాదు, దిగులు. అతడు వెళ్లిన వారంలోనే కొత్త మేనేజర్ సోల్షియార్ కింద అదే జట్టు కార్డిఫ్‌లో అయిదు గోల్స్ కొట్టింది. బావ మళ్లీ ఫోను చేసి, "చూసినావా బావా, పిల్లోళ్లు ఎట్ట ఎగిరి ఆడినారో" అన్నాడు. నేను కాదనలేకపోయాను. మా కుర్రాళ్లు కూడా సండర్‌లాండ్ మీద అలాగే ఎగిరి ఆడారు కదా.

డబ్బు విషయంలో అతడి మీద జాలి పడనవసరం లేదు. మొరిన్హోకూ అతడి సిబ్బందిలో కొందరికీ పరిహారంగా 1.96 కోట్ల పౌండ్లు ఖర్చయినట్టు యునైటెడ్ తన లెక్కల్లోనే చూపింది. ఉద్యోగం పోతే మరుసటి నెల అద్దె ఎలా కట్టాలా అని బెంగపడే మన కాంట్రాక్టు ఉద్యోగికీ ఇతడికీ పోలికే లేదు. నాకు కలిగిన బాధ వేరు. 2015లో చెల్సీ పంపించినప్పుడు, తప్పు ఆటగాళ్లదే, గురువు మళ్లీ ఎక్కడో లేచి నిలబడతాడు అనుకునే వీలుండేది. 2018 డిసెంబరు ఆ వీలును తీసేసింది. అదే మూడో సీజన్, అదే తగువు, అదే ముగింపు. మా జట్టులో జరిగినదానికి కారణం అతడిలోనే ఉందని యునైటెడ్ రుజువు చేసిపెట్టింది. అందువల్ల చెల్సీ అభిమానిగా మా క్లబ్బు నిర్ణయం సరైనదేనని తేలినందుకు ఊరట, 2005 నాటి ఆ కుర్రతనపు ఆరాధనకు దెబ్బ తగిలినందుకు నొప్పి, రెండూ ఒకే మధ్యాహ్నం కలిగాయి. బావకు నేను జవాబు చెప్పలేకపోయింది అందుకే.

మా పొగతోట టీ కొట్టు దగ్గర కలిసే చెల్సీ మిత్రుల్లో కొందరు ఆ రోజు మిఠాయి పంచారు. వాళ్లను తప్పుపట్టను, వాళ్లలో ఎక్కువమంది 2012లో మ్యూనిక్‌లో చాంపియన్స్ లీగ్ గెలిచాక అభిమానులైనవాళ్లు. వాళ్లకు మొరిన్హో అంటే 2015 పతనం, ఆపైన ప్రత్యర్థి బెంచ్. లీగ్ ఎలా గెలవాలో నేర్పినవాడిగా అతణ్ణి చూసిన వయసు మాది. 2021 ఏప్రిల్ 19న టాటెన్‌హామ్ క్లబ్బు, లీగ్ కప్ ఫైనల్ ఇంకా ఆరు రోజులుందనగా అతణ్ణి తీసేసినప్పుడు ఈ మిత్రులు మళ్లీ నవ్వారు. ఆసారి నేనూ పెద్దగా బాధపడలేదు. ఫైనల్ ఆడనివ్వకపోవడం మాత్రం మర్యాద కాదనిపించింది.

2025 సెప్టెంబరు 30న అతడు పోర్చుగల్ క్లబ్బు బెన్ఫికా మేనేజర్‌గా స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌కు మళ్లీ వచ్చాడు. తలలో నల్ల వెంట్రుక లేదు. మ్యాచ్ మధ్యలో చెల్సీ అభిమానులు అతడి పేరు పాడితే అతడు చేతులెత్తి చప్పట్లతో బదులిచ్చాడు. 2017లో 'జూడాస్' అన్నవాళ్లు ఆ గుంపులో ఉండే ఉంటారు, ఉన్నా నాకు అభ్యంతరం లేదు. 2007లోనూ 2015లోనూ జరగాల్సిన మర్యాద అంత ఆలస్యంగానైనా జరిగింది. ఇక ఆటంటారా, బెన్ఫికా ఆటగాడు రియోస్ సొంత గోల్‌తో మేమే 1-0తో గెలిచాం, బెన్ఫికా ఓడినందుకు నాకు రవ్వంత విచారం కూడా కలగలేదు.