బరువు కంటే ముందే దిగే షుగర్

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం గ్రీన్‌విల్‌లో వాల్టర్ పోరీస్ అనే సర్జన్, ఊబకాయం ఉన్నవారికి గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్లు చేస్తూ ఒక వింతను గమనించారు. ఆపరేషన్ జరిగిన కొద్దిరోజులకే, ఒంటి బరువు ఇంకా చెప్పుకోదగినంత తగ్గకముందే, రోగుల రక్తంలో చక్కెర మామూలు స్థాయికి వచ్చేది. ఆయన బృందం 1995లో ప్రచురించిన పత్రం ప్రకారం, 146 మంది మధుమేహ రోగుల్లో 121 మందికి చక్కెర మామూలు స్థాయికి వచ్చింది.

ఈ ఆపరేషన్‌లో జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిలా వేరుచేసి చిన్నపేగు మధ్యభాగానికి కలుపుతారు కనుక, తిన్నది పేగు మొదటి భాగాన్ని తాకకుండా త్వరగా దిగువకు చేరుతుంది. అక్కడ జీఎల్‌పీ-1 అనే హార్మోను ఎక్కువగా ఊరి, ఇన్సులిన్ విడుదల చేసేలా క్లోమగ్రంథిని ప్రేరేపిస్తుంది. తిండి ఒక్కసారిగా తగ్గడం వల్ల కాలేయంలో కొవ్వు కరగడం కూడా ఇందుకు తోడవుతుంది. బరువు తగ్గడం వల్ల కలిగే మేలు ఆ తరువాతిది.

అయితే ఈ ఆపరేషన్‌తో షుగర్ పోతుందని మన ఊళ్లలో కనిపించే ప్రకటనలు ఇక్కడితో ఆగిపోతాయి. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ ఆసుపత్రిలో 150 మంది మధుమేహ రోగులపై జరిగిన పరీక్షలో, అయిదేళ్ల తరువాత హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష) 6 శాతం లేదా అంతకంటే తక్కువగా ఉన్నవారు బైపాస్ వర్గంలో 29 శాతం, స్లీవ్ (జీర్ణాశయాన్ని సన్నని గొట్టంలా కుదించే ఆపరేషన్) వర్గంలో 23 శాతం, కేవలం మందులు వాడినవారిలో 5 శాతం. మందుల కంటే ఆపరేషన్ ఎంతో మెరుగన్న మాట నిజమే, కానీ షుగర్ పోయి ఇక తిరిగి రాదని నమ్మించడం నా దృష్టిలో మోసమే. వ్యాధి వచ్చి ఎన్నేళ్లయింది, ఇన్సులిన్ అవసరం పడిందా, క్లోమంలో ఇంకా ఎంత శక్తి మిగిలింది అనేవే ఫలితాన్ని చాలావరకు నిర్ణయిస్తాయి. క్లోమం ఇన్సులిన్‌ను దాదాపుగా తయారుచేయలేని టైప్ 1 మధుమేహానికి ఇది చికిత్స కానే కాదు.

తక్కువ బరువుకే షుగర్ బారిన పడే మనలాంటి ఆసియావాసుల విషయంలో, బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే సూచిక) 27.5 లేదా అంతకు మించి ఉండి, మందులకు చక్కెర లొంగకపోతే ఈ ఆపరేషన్‌ను పరిశీలించవచ్చని 2016 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆపరేషన్ తరువాత బీ12, ఇనుము, కాల్షియం, విటమిన్ డీ జీవితాంతం వాడాలి. తీపి తింటే గుండెదడ, చెమటలు, విరేచనాలు పట్టుకోవచ్చు. ఇన్సులిన్ వాడేవారికి ఆపరేషన్ అయిన వెంటనే మోతాదు తగ్గించకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చక్కెర వేగంగా దిగినప్పుడు కొందరికి కంటి రెటీనా దెబ్బతినే అవకాశం ఉంది కాబట్టి, ఆపరేషన్‌కు ముందూ తరువాతా కంటి పరీక్ష చేయించుకోవాలి.