మిర్చి మీద పడిన నింద

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మధ్య లెక్కలు రాసుకునే గుమస్తాకు కడుపులో మంట అంటే కారణం అడిగేవారెవరు? ‘కారం మానెయ్, బిడ్డా’ అంది మా అత్తమ్మ. చపాటా రకానికి రంగే తప్ప ఘాటు పెద్దగా ఉండదని చెప్పినా వినలేదు. నెలల తరబడి చప్పిడి తిండి తిన్నాను. మంట మాత్రం ఆకలి వేళకు బొడ్డు పైభాగాన మొదలయ్యేది, అర్ధరాత్రి నిద్ర లేపేది, నాలుగు ముద్దలు తింటే సద్దుమణిగేది.

హనుమకొండలో చూపించుకున్న డాక్టరు తిండి గురించి కాదు, మాత్రల గురించి అడిగారు. నడుము నొప్పికి రోజూ డైక్లోఫెనాక్ వేసుకుంటున్నానని చెప్పాను. నోట్లోంచి కెమెరా గొట్టం దించి చూసే ఎండోస్కోపీలో చిన్నపేగు మొదట్లో పుండు కనిపించింది. అప్పుడే కడుపు లోపలి పొర నుంచి తీసిన చిన్న ముక్కలో హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా దొరికింది. ఆ నొప్పి మాత్రలు కడుపు లోపలి రక్షణ పొరను బలహీనపరుస్తాయి, ఈ క్రిమి దాన్ని దెబ్బతీస్తుంది. నా కడుపులో రెండూ కలిశాయి. 1984లో బారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా వైద్యుడు ఈ క్రిమిని స్వయంగా తాగి జబ్బు తెచ్చుకున్నాడట. 2005లో ఆయనకూ, ఆయనతో కలిసి ఈ క్రిమిని కనిపెట్టిన రాబిన్ వారెన్‌కూ నోబెల్ వచ్చింది. ఇంత తెలిశాక కూడా మనం మిర్చినే తిడుతున్నాం!

14 రోజులు రెండు యాంటీబయాటిక్‌లు, టిఫినుకు అరగంట ముందు ఆమ్లం తగ్గించే మాత్ర. నోరంతా ఇనుము నాకినట్టు చేదు. నడుముకు పారాసిటమాల్‌తో సరిపెట్టుకున్నాను. మందులు అయిపోయిన నెల దాటాక, ఆమ్లం మాత్ర రెండు వారాలు ఆపి మళ్లీ పరీక్ష చేస్తే క్రిమి లేదు.

తిండి పుండును పుట్టించలేదు, ఒక్కటే మాన్పనూ లేదు. కానీ రక్తం తగ్గి ఉండటంతో ఐరన్ మాత్రలతో పాటు గుడ్డు, పప్పు, ఆకుకూర, జామకాయ తినమన్నారు. అన్నం తినగానే చాయ్ తాగితే ఐరన్ సరిగా ఒంటబట్టదని దాన్ని దూరం జరిపారు. రాత్రి మంటకు అత్తమ్మ ఇచ్చే గ్లాసెడు పాలు కాసేపు హాయినిచ్చినా, తర్వాత ఆమ్లాన్ని మరింత ఊరిస్తాయట. ఈ మాట ఆమెతో అనే ధైర్యం నాకు లేక డాక్టరు చేతే చెప్పించాను. ఇప్పుడు టమాట తొక్కు పడుతోంది, చింతకాయ తొక్కు ఇంకా పడటం లేదు.

మార్కెట్లో హమాలీలు చాలామంది ఆ నొప్పి మాత్రలు జేబులోనే పెట్టుకుని తిరుగుతారు. కడుపు మంట అన్నవాళ్లను ‘మలం తారులా నల్లగా వస్తోందా?’ అని అడుగుతున్నాను. అలా వస్తే లోపల రక్తం కారుతున్నట్టే కావచ్చు, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పొద్దున్నే ఇదేం ప్రశ్న అని విసుక్కుంటారు, అయినా అడుగుతూనే ఉన్నాను.